రొంగోరొంగో పలక మీద చంద్రుడి రాత్రులు లెక్కపెట్టడం ఎలా?

రాపా నుయి దీవివాళ్లు చెక్క పలకల మీద చెక్కుకున్న రొంగోరొంగో లిపిని ఇవాళ భూమ్మీద ఎవరూ చదవలేరు. ఈ మాట ముందే చెప్పడం న్యాయం. అయినా ఆ లిపిలో ఒక్క చోట మాత్రం దేని గురించి రాశారో మనకు తెలుసు. మామరి అనే చెక్క పలక మీద రెండు వరసలకు కొంచెం ఎక్కువ మేర చంద్రుడి రాత్రులు వరసగా చెక్కి ఉన్నాయి. ఏ అక్షరానికి ఏ శబ్దమో తెలియకుండానే అది నెల లెక్క అని పరిశోధకులు పట్టుకున్నారు. ఎలా పట్టుకున్నారో అదే దారిలో మీరూ ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. ఒక ఆదివారం మధ్యాహ్నం, రెండు రంగు పెన్సిళ్లు, కాస్త ఓపిక ఉంటే చాలు. గ్రహాల సంగతి చివర్లో మాట్లాడుకుందాం. అక్కడ మన ఊహకు పగ్గం వేయాల్సిన అవసరం చాలా ఉంది.

పలక ఎక్కడిదో తెలుసుకోండి

రాపా నుయి పసిఫిక్ మహాసముద్రం మధ్యలో ఒంటరిగా ఉన్న చిన్న దీవి. 1722లో ఈస్టర్ పండుగ రోజున డచ్చి ఓడలు అక్కడికి చేరాయి కాబట్టి బయటివాళ్లు ఈస్టర్ ఐలాండ్ అన్నారు. ఇప్పుడది చిలీ దేశంలో భాగం. పెద్ద పెద్ద రాతి విగ్రహాలు, మొఆయిలు, ఉన్న దీవి అంటే అందరికీ గుర్తొస్తుంది. 1864లో అక్కడికి వెళ్లిన ఎజెన్ ఏరో అనే క్రైస్తవ మిషనరీ, ఇళ్లన్నిటిలోనూ గుర్తులు చెక్కిన చెక్క పలకలు, కర్రలు ఉన్నాయని ఉత్తరం రాశాడు. కొన్నేళ్లకే తాహితీ బిషప్ జోసెన్ వాటిని సేకరించమని పురమాయిస్తే దొరికినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఇవాళ ప్రపంచం మొత్తం మీద రొంగోరొంగో ఉన్న వస్తువులు రెండు డజన్లకు కాస్త అటూ ఇటూ మాత్రమే ఉన్నాయి.

చదివేవాళ్లు ఎందుకు లేకుండా పోయారో కూడా తెలియాలి. 1862 చివర్లో పెరూ నుంచి వచ్చిన ఓడలు దీవి జనాన్ని వెట్టిచాకిరీకి ఎత్తుకుపోయాయి. సుమారు పదిహేను వందల మందిని, అంటే జనాభాలో పెద్ద భాగాన్ని. వాళ్లలో పెద్దలు, చదువుకున్నవాళ్లు కూడా ఉన్నారు. వెనక్కి పంపిన కొద్దిమందితో మశూచి వచ్చింది. 1877 నాటికి దీవిలో మిగిలింది 111 మంది. మీరు ఆ గుర్తుల ముందు కూర్చున్నప్పుడు ఈ సంఖ్య గుర్తుంచుకోండి. ఇది సరదా పజిల్ కాదు. ఒక జాతి దగ్గర్నుంచి లాక్కున్న చదువు.

ఇంకొక చిన్న విషయం. మామరి పలక చేసిన చెక్క గంగరావిది. మన కోస్తా ఊళ్లలో పసుపు పూలు పూసి, అవి సాయంత్రానికి ఎర్రబారే చెట్టు అదే. రాపా నుయి వాళ్లు మకోయి అంటారు. మీ వీధిలో గంగరావి ఉంటే ఓసారి దాని మాను మీద చెయ్యి పెట్టి చూడండి. పలక మీద అంత సన్నటి గుర్తులు ఎలా పట్టాయో కొంత అర్థమవుతుంది.

సరైన బొమ్మ సంపాదించండి, వరస పేరు చదవడం నేర్చుకోండి

మామరి పలక రోమ్‌లో, పవిత్ర హృదయాల సంఘం అనే క్రైస్తవ సంఘం దగ్గర ఉంది. సుమారు 29 సెంటీమీటర్ల పొడవు, 19 సెంటీమీటర్లకు కాస్త పైన వెడల్పు. అంటే మన లాంగ్ నోట్‌బుక్ అంత. దాని ఫోటోలు, గీత నకళ్లు రెండూ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. రెండూ కావాలి. గీత నకలు మీద పని చేయండి, అనుమానం వచ్చిన ప్రతిసారీ ఫోటో చూడండి. నకలు గీసినవాళ్లు అరిగిన చోట్లను తమకు తోచినట్టు సరిచేసి ఉండవచ్చు.

జర్మన్ పరిశోధకుడు థామస్ బార్తెల్ 1958లో ఈ పలకలన్నిటికీ ఇంగ్లిష్ అక్షరాలతో పేర్లు పెట్టాడు. మామరి పేరు సి. పలక రెండు వైపులకు ఎ, బి. తర్వాత వరస సంఖ్య. కాబట్టి ఎక్కడైనా సి, ఎ, 7 అని చూస్తే మామరి పలక మొదటి వైపు ఏడో వరస అని అర్థం. మనకు కావాల్సింది ఎ వైపు ఆరో వరస నుంచి తొమ్మిదో వరస దాకా. ఈ నాలుగు వరసల్ని పెద్దగా ప్రింట్ తీసుకోండి.

గుర్తులకు కూడా బార్తెల్ మూడంకెల సంఖ్యలిచ్చాడు. మొదటి అంకె ఆకారం ఏ రకమో చెబుతుంది. 0, 1 అయితే జ్యామితి ఆకారాలు, వస్తువులు. 2 అయితే రెండు పక్కలా చెవుల్లాంటివి ఉన్న తల ఉన్న మనిషి. 3, 4 అయితే నోరు తెరిచిన ఆకారాలు. 6 అయితే ముక్కున్న పక్షులు. 7 అయితే చేపలు, పీతల్లాంటి జీవులు. ఇది కేవలం బీరువా అరల నంబరు లాంటిది. 378 అనే సంఖ్య కనిపించగానే, శని గ్రహం భూమికి ఎదురుగా మళ్లీ రావడానికి 378 రోజులు పడుతుంది కదా అని ఉలిక్కిపడకండి. ఆ నంబరు పెట్టింది బార్తెల్, రాపా నుయి పెద్దలు కాదు.

పలకను తిప్పుతూ చదవండి

ఇక్కడ చాలామంది మొదటి పది నిమిషాల్లోనే తప్పుతారు. రొంగోరొంగోలో చదువు కింది ఎడమ మూల నుంచి మొదలవుతుంది. ఎడమ నుంచి కుడికి ఒక వరస పూర్తిచేశాక పలకను తలకిందులుగా తిప్పాలి. అప్పుడు తర్వాతి వరస నిటారుగా వస్తుంది. దాన్నీ ఎడమ నుంచి కుడికే చదవాలి. మళ్లీ తిప్పాలి. నాగలి చాలు చివర మళ్లినట్టు ఉంటుంది, కానీ ప్రతి మలుపులో కాగితం కూడా తిరగాలి. తిప్పకుండా చూస్తే సగం వరసలు తలకిందులుగా కనిపిస్తాయి, చేప తల పైకి ఉందో కిందికి ఉందో తెలియదు. మన పనంతా ఆ చేప మీదే ఆధారపడి ఉంది.

ఇంటర్నెట్‌లో దొరికే నకళ్లలో కొన్నిటిని ముందే తిప్పి, అన్ని వరసలూ నిటారుగా పెట్టి ఉంచుతారు. మీది ఏ రకమో మొదట చూసుకోండి. పక్కపక్క వరసల్లో మనుషుల తలలు ఒకే దిక్కుకి ఉంటే ముందే తిప్పినది.

అర్థం వెతకొద్దు, మళ్లీ మళ్లీ వచ్చేది వెతకండి

ఇప్పుడు అసలు పని. నీలం పెన్సిల్ తీసుకోండి. ఆ వరసల్లో ఒక చిన్న గుంపు పదే పదే వస్తుంది. కొన్ని గుర్తులు ఒకదాని వెంట ఒకటి అదే క్రమంలో, వాటి మధ్య కుడివైపు తిరిగిన రెండు నెలవంకలు, చివర్లో దారానికి వేలాడదీసినట్టున్న చేప. ఆ గుంపు కనిపించిన ప్రతి చోటా చుట్టూ నీలం గీత గీయండి. ఊళ్లో దండోరా వేసి తర్వాత కబురు చెప్పినట్టు, ఈ గుంపు రాగానే దాని తర్వాత నెలవంకలు వస్తాయి. అందుకే నేను దీన్ని చాటింపు అని పిలుచుకుంటాను.

ఎన్ని చాటింపులు వచ్చాయి? ఎనిమిది రావాలి. తక్కువ వస్తే ఒక వరస చివర, మరో వరస మొదట విరిగిపోయిన గుంపు ఉందేమో చూడండి. వరస అయిపోయిందని అక్కడ మాట అయిపోయినట్టు కాదు.

ఇప్పుడు ప్రతి చాటింపులోనూ చేపను చూడండి. మొదటి నాలుగింటిలో చేప తల పైకి ఉంటుంది. తర్వాతి నాలుగింటిలో కిందికి. ఆ రెండు సగాల మధ్యలో గుండ్రటి గుర్తు ఒకటి ఉంటుంది, లోపల ఒక ఆకారం కూర్చున్నట్టుగా. దాని దగ్గర ఎర్ర పెన్సిల్‌తో పెద్ద చుక్క పెట్టండి.

నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు ఆ చేప తిరగబడిన చోట చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. పెరిగే పక్షం, మధ్యలో పున్నమి, తరిగే పక్షం. ఒక్క శబ్దం తెలియదు, ఒక్క మాట తెలియదు. కానీ చెక్కినవాడి ఆలోచన నా ముందు ఉంది. వందల ఏళ్ల నాటి మనిషి, ఇదిగో ఇక్కడి నుంచి వెన్నెల తగ్గుతుంది అని చెబుతుంటే విన్నట్టు అనిపించింది. మీరు కూడా ఎవరో చెప్పగా నమ్మకుండా మీ పెన్సిల్‌తో అక్కడికి చేరాలని నా కోరిక.

నెలవంకల్ని గుంపులుగా లెక్కపెట్టండి

చాటింపుల మధ్య ఉన్న నెలవంకల్ని ఎర్ర పెన్సిల్‌తో గుర్తుపెట్టండి. చాటింపు లోపల ఉన్న నెలవంకల్ని ఇందులో కలపకండి. అవి ప్రకటనలో భాగం, రాత్రుల లెక్కలోకి రావు.

కొన్ని నెలవంకల పక్కన ఇంకో గుర్తు తోడుగా ఉంటుంది. కొన్ని ఒంటరిగా వరసగా ఉంటాయి. ఆ ఒంటరి గుంపులే మనకు తాళంచెవి. ఏడో వరస మొదట్లో ఏ తోడూ లేకుండా ఆరు నెలవంకలు వస్తాయి. ఏడో వరస చివర మొదలై ఎనిమిదో వరసలోకి సాగే చోట ఐదు వస్తాయి. ఒక కాగితం మీద పెద్దగా రాసుకోండి: పున్నమికి ముందు ఆరు, పున్నమి తర్వాత ఐదు.

ఈ రెండు అంకెలు ఎందుకు ముఖ్యమో తెలియాలంటే పలక వదిలి, రాపా నుయి జనం నోట మిగిలిన పేర్ల దగ్గరికి వెళ్లాలి.

పక్కన రాత్రుల పేర్లు పెట్టండి

1886లో విలియమ్ థామ్సన్ అనే అమెరికా నౌకాదళ ఉద్యోగి, 1930ల్లో ఆల్ఫ్రెడ్ మెత్రో అనే మానవశాస్త్రవేత్త దీవివాళ్లను అడిగి నెలలోని ఒక్కో రాత్రి పేరూ రాసుకున్నారు. పాలినేషియా అంతటా, అంటే రాపా నుయి, హవాయి, న్యూజిలాండ్ లాంటి పసిఫిక్ దీవుల్లో, కాలాన్ని పగళ్లతో కాకుండా రాత్రులతో లెక్కపెడతారు. వాళ్ల జాబితాల్లో అక్కడక్కడా తేడాలున్నా నడక ఒకటే.

నెల మొదట్లో అతా, అరి. తర్వాత కొకోరె తాహి, కొకోరె రువా, కొకోరె తోరు, కొకోరె హా, కొకోరె రిమా, కొకోరె ఓనో. అంటే ఒకటో కొకోరె, రెండో కొకోరె అలా ఆరు దాకా. తర్వాత మహారు, హువా, అతువా, మౌరె, ఇనా ఇరా, రాకౌ లాంటి పేర్లు. ఆపైన ఒమోతోహి, అది పున్నమి. పున్నమి దాటాక మళ్లీ కొకోరెలు, ఈసారి ఐదే. వాటి తర్వాత తపుమె, మతువా, ఒరోంగో, ఒరోంగో తానె, మౌరి నుయి, మౌరి కెరో. చివర్లో ముతు.

ఆరు కొకోరెలు, ఐదు కొకోరెలు. పలక మీద తోడు లేని నెలవంకలు ఆరు, ఐదు.

కొకోరెలకు సొంత పేర్లు లేవు, కేవలం వరస సంఖ్యలు. ఆ మాటలోని కోరె అంటే లేనిది అని. పేరున్న రాత్రుల దగ్గర నెలవంకకు తోడుగా మరో గుర్తు ఉంది, పేరు లేని రాత్రుల దగ్గర ఉత్త నెలవంక ఉంది. మన తిథుల్లో పాడ్యమి నుంచి చతుర్దశి దాకా అన్నీ సంఖ్యల వరసే. అమావాస్య, పున్నములకు మాత్రమే వేరే పేర్లు. అందుకే మనకు ఈ పద్ధతి పట్టుకోవడం తేలిక. ఈ పోలికను అంతవరకే వాడండి. తిథి అంటే చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు జరిగే కాలం, లెక్క కట్టి చెప్పేది. వాళ్ల రాత్రి అంటే కంటితో ఆకాశంలో చూసే రాత్రి.

ఈ చోటు చంద్రుడి లెక్క అని మొదట గుర్తించినవాడు బార్తెల్. దానిలోని అల్లికను 1990లో విప్పి చూపినవాడు జాక్ గీ అనే భాషావేత్త. గుర్తులకు శబ్దాలు కట్టే విషయంలో వాళ్ల మాటలన్నీ అందరూ ఒప్పుకోలేదు. ఈ అంకెల పొత్తు మాత్రం నిలబడింది.

ఇక్కడ ఇంకొక పరీక్ష కూడా చేయవచ్చు. న్యూజిలాండ్ మూలవాసుల మావోరీ భాషలో, హవాయి భాషలో ఉన్న రాత్రుల పేర్లు తెచ్చి పక్కన పెట్టండి. రాపా నుయిలో హిరో (ఈ రాత్రి సంగతి కింద వస్తుంది), మావోరీలో ఫిరో, హవాయిలో హిలో. రాపా నుయి రాకౌకి మావోరీలో రాకౌనుయి. ముతుకి మావోరీలో ముతుఫెనువా, హవాయిలో ముకు. కొకోరెకి మావోరీలో కోరెకోరె, హవాయిలో ఓలె. వేల కిలోమీటర్ల సముద్రం మధ్యలో ఉన్నా ఒకే పాత లెక్క నుంచి విడిపోయిన అక్కచెల్లెళ్లు ఇవి. రాపా నుయి జాబితాలో ఒక పేరు మీద అనుమానం వస్తే ఈ అక్కచెల్లెళ్లని అడగాలి, మన పంచాంగాన్ని కాదు.

పున్నమి గుర్తు దగ్గర కాసేపు ఆగండి

మీరు ఎర్ర చుక్క పెట్టిన ఆ గుండ్రటి గుర్తును, ఆకాశంలో మట్టిపొయ్యి రాజేస్తున్న ముసలమ్మ అని జాక్ గీ వివరించాడు. తె నువాహినె కా ఉము అనేది రాపా నుయి మాట. నువాహినె అంటే ముసలమ్మ, ఉము అంటే గొయ్యి తీసి రాళ్లు కాల్చి వండే పొయ్యి. మనవాళ్లు చంద్రుడి మచ్చలో కుందేలును చూసి శశాంకుడన్నారు. వాళ్లు వంట చేసే ముసలమ్మను చూశారు.

బొమ్మను చూసి అర్థం చెప్పకూడదని నేను అంటున్నాను కదా, మరి ఇక్కడెలా చెప్పామని మీరు అడగాలి. వరసలో దాని స్థానం ముందే తేలింది, తేడా అదే. ముందు నాలుగు చాటింపులు, తర్వాత నాలుగు, మధ్యలో ఇది. పున్నమి అని లెక్క చెప్పాక బొమ్మ దాన్ని బలపరిచింది. బొమ్మతో మొదలుపెట్టి ఉంటే ఎవరైనా దీన్ని గర్భిణి అనో, గుహలో దేవుడనో అనవచ్చు.

అదనపు రాత్రులు వెతకండి

చంద్రుడి నెల సగటున 29.53 రోజులు. కాబట్టి ఒక్కో నెలలో 29 రాత్రులు, ఒక్కో నెలలో 30 రావాలి. రాపా నుయి లెక్కలో ఎప్పుడూ ఉండే రాత్రులు 28, అవసరాన్ని బట్టి చేర్చేవి రెండు: హోతు, హిరో. పలక మీద ఈ నెల లెక్క చివర ఒక చాటింపు మామూలు కంటే పొడుగ్గా ఉండి, దాని వెంట రెండు నెలవంకలు వస్తాయి. ఆ అదనపు రాత్రులు అవేనని గీ చెప్పాడు.

ఇంకా జాగ్రత్తగా చూస్తే పున్నమికి ముందు ఒకచోట, తర్వాత ఒకచోట సగం సైజులో, కాస్త పైకి ఎత్తి చెక్కిన చిన్న నెలవంక ఉంటుంది. నాకు ఈ పలకలో అన్నిటికంటే ఇష్టమైనవి ఈ రెండు. చంద్రుడు భూమి చుట్టూ తిరిగే దారి సరిగ్గా గుండ్రం కాదు. దగ్గరగా వచ్చినప్పుడు సుమారు 3,63,000 కిలోమీటర్లు, దూరంగా పోయినప్పుడు సుమారు 4,05,000. దూరంలో ఉన్నప్పుడు చిన్నగా కనిపిస్తాడు, నెమ్మదిగా నడుస్తాడు. నెమ్మదిగా నడిచాడంటే పున్నమి ఆలస్యమవుతుంది, ఒక రాత్రి చేర్చాలి. చంద్రుడు ఎంత సైజులో ఉన్నాడో చూడు, చిన్నగా ఉంటే ఇక్కడ ఒక రాత్రి కలుపు అని ఆ చిన్న నెలవంకలు చెబుతున్నాయన్నది గీ ఊహ. ఇది రుజువైన సంగతి కాదు, ఊహే. కానీ చక్కటి ఊహ, ఎందుకంటే దాన్ని ఆకాశంతో సరిచూడవచ్చు. మీ నోట్సులో పెన్సిల్‌తో రాయండి, పెన్నుతో కాదు.

వాళ్ల ఆకాశాన్ని మీ ఆకాశంతో కలపకండి

రాపా నుయి భూమధ్యరేఖకు 27 డిగ్రీలు దక్షిణాన ఉంది. మనం విజయవాడలో, వరంగల్‌లో నిలబడి చూస్తే చంద్రుడు ఏడాదిలో ఎక్కువ రాత్రులు దక్షిణం వైపు నుంచి దాటిపోతాడు. వాళ్లకు ఉత్తరం వైపు నుంచి దాటతాడు. దానివల్ల మనకు శుక్ల పక్షంలో చంద్రుడి కుడి సగం వెలిగితే వాళ్లకు ఎడమ సగం వెలుగుతుంది. చంద్రుడి ముఖం కూడా మనకు కనిపించేదానికి తలకిందులే. కుడివైపు తిరిగిన నెలవంక కనిపించగానే ఇది విదియ చంద్రుడు అని రాసేస్తే మొత్తం తప్పుతుంది. పెరుగుతున్నాడా తరుగుతున్నాడా అన్నది చేప చెప్పాలి, నెలవంక వంపు కాదు.

రుతువులూ తలకిందులే. అనకెనా అనే నెల మన జూలై ఆగస్టు ప్రాంతంలో వస్తుంది, అప్పుడు వాళ్లకు చలికాలం. థామ్సన్ ఇచ్చిన నెలల జాబితాలో పదమూడు పేర్లున్నాయి. పన్నెండు చాంద్ర నెలలు సూర్యుడి సంవత్సరానికి పదకొండు రోజులు తక్కువ పడతాయి కదా. మన అధికమాసం లాంటి సర్దుబాటు వాళ్లకూ కావాల్సి వచ్చింది.

ఇక గ్రహాలు

నెల లెక్క దొరికింది కదా, శుక్రుడు, అంగారకుడు కూడా ఎక్కడో ఉండే ఉంటారని ప్రతి ఒక్కరికీ అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కిరణాలున్నట్టు కనిపించే గుర్తుల్ని ఏరి ఒక నోట్‌బుక్ నింపాను. చివరికి తేలింది ఏమిటంటే, చుక్కలా కనిపించేది సూర్యుడు కావచ్చు, నక్షత్రం కావచ్చు, పువ్వు కావచ్చు, సముద్రపు ముళ్ల జీవి కావచ్చు. నేను ఏది అనుకుంటే అది దొరికింది. అలా దొరికేదాన్ని చదువు అనలేం.

రాపా నుయి వాళ్లకు గ్రహాలు తెలుసు. అందులో అనుమానం లేదు. వాళ్ల భాషలో హేతూ అంటే చుక్క. తెల్లవారుజామున కనిపించే శుక్రుడు, మన వేగుచుక్క, వాళ్లకు హేతూ పోపోహంగా. సాయంత్రం కనిపించేది హేతూ అహీఅహీ. మతమెఅ, అంటే ఎర్ర కన్ను, అంగారకుడి పేరు. కృత్తికలు, మన పల్లెల్లో పిల్లలకోడి అనేవి, వాళ్లకు మతారికి. ఓరియన్ అనే చుక్కల గుంపు నడుం దగ్గర వరసగా ఉండే మూడు చుక్కలు తౌతోరు. నోటి మాటలో ఇవన్నీ ఉన్నాయి. పలకల మీద వీటిలో ఏ ఒక్కదానికీ అందరూ ఒప్పుకున్న గుర్తు లేదు. ఈ రెండు వాక్యాల్నీ విడివిడిగా పట్టుకోవడం నేర్చుకుంటే సగం తప్పులు తప్పుతాయి.

మరి గ్రహాన్ని గుర్తించాలంటే ఏం కావాలి? మధ్య అమెరికాలోని పాత నాగరికత మాయన్ల ఉదాహరణ చూడండి. జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో ఉన్న మాయా పుస్తకంలో శుక్రుడి పట్టిక ఉందని ఎర్నెస్ట్ ఫోర్స్టెమన్ అనే గ్రంథాలయాధికారి పోల్చుకున్నాడు. అప్పటికి మాయా లిపిని ఎవరూ శబ్దాలతో చదవలేదు. ఆయనకు దొరికింది అంకెలు. 236, 90, 250, 8. కలిపితే 584, శుక్రుడు ఆకాశంలో తన చుట్టు పూర్తిచేసుకుని మళ్లీ వేగుచుక్కగా రావడానికి పట్టే రోజులు. శుక్రుడి బొమ్మ చూసి కాదు, అంకెలు చూసి.

రొంగోరొంగోలో సంఖ్యల గుర్తులు ఏవో ఇంతవరకు తేలలేదు. అందుకే ఎవరైనా ఫలానా పలకలో బృహస్పతి ఉన్నాడు, శని ఉన్నాడు అని చెబితే, లేదా మీకే అలా అనిపిస్తే, కొన్ని ప్రశ్నలు వేసుకోండి. ఆ గుర్తు ఒకే రకమైన పరిసరాల్లో మళ్లీ మళ్లీ వస్తోందా? ఎన్నిసార్లు వస్తోంది, ఆ లెక్క ఆకాశంలో దేనికైనా సరిపోతోందా? మామరిలో ఆరు, ఐదు సరిపోయినట్టు, నోటి సంప్రదాయంలో దానికి జోడీ ఉందా? అదే గుర్తు మిగతా పలకల్లో వచ్చినప్పుడు కూడా ఆ అర్థం నిలబడుతోందా, లేక అక్కడ ఇంకో అర్థం చెప్పాల్సి వస్తోందా? చివరి ప్రశ్న దగ్గరే చాలా చదువులు కూలిపోతాయి. ఒకచోట శుక్రుడు, మరోచోట పువ్వు, ఇంకోచోట రాజు అని సర్దుకుంటూ పోతే ఏ లిపినైనా చదివేయవచ్చు.

రాశులు, నవగ్రహాలు, వారాల పేర్లు మాత్రం అసలు తేవద్దు. పాలినేషియా వాళ్లకు ఏడు రోజుల వారం యూరోపియన్లు తెచ్చింది.

పాత చదువుల్ని ఎంతవరకు నమ్మాలి?

బిషప్ జోసెన్ తాహితీలో మెతోరో అనే రాపా నుయి కూలీని పిలిపించి పలకలు చదివించాడు. మెతోరో పాడాడు, బిషప్ రాసుకున్నాడు. తర్వాత చూస్తే ఎక్కువ చోట్ల మెతోరో బొమ్మలో తనకు కనిపించింది చెప్పుకుంటూ పోయినట్టు తేలింది: మనిషి, పక్షి, చేప. 1886లో థామ్సన్ పలకల ఫోటోలు చూపించి ఉరె వాఎ ఇకో అనే ముసలాయన చేత పాడించాడు. ఆయన ధారాళంగా పాడాడు, ఫోటో మార్చినా గమనించకుండా అదే పాట సాగించాడు. వీళ్లను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఊరు ఊరంతా పోయాక మిగిలినవాళ్లు తమకు గుర్తున్నది ఇచ్చారు. ఆ పాటలు పాటలుగా విలువైనవే. వాటిని గుర్తుల నిఘంటువుగా మాత్రం వాడకండి.

భారతీయ పాఠకులు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. 1932లో హెవెషి అనే హంగరీ దేశస్థుడు సింధు ముద్రల మీది గుర్తులు, రొంగోరొంగో గుర్తులు పక్కపక్కన పెట్టి రెండూ ఒకటే అన్నాడు. ఇప్పటికీ మన వాట్సాప్ గ్రూపుల్లో ఆ జంట బొమ్మలు తిరుగుతుంటాయి. వాటి నకళ్లలో పోలిక పెరిగేలా గీతలు సర్దారని ఆల్ఫ్రెడ్ మెత్రో అసలు పలకలతో పోల్చి చూపించాడు. సింధు నగరాలు క్రీ.పూ. 1900 ప్రాంతంలో ఖాళీ అయ్యాయి. రాపా నుయిలో జనం స్థిరపడింది ఆ తర్వాత సుమారు మూడు వేల ఏళ్లకు. ఆ బొమ్మలు మీకు వస్తే ముందుకు పంపకండి.

నోట్సు ఎలా రాసుకోవాలి

పేజీకి మూడు నిలువు గళ్లు. మొదటి గడిలో కంటికి కనిపించింది: చేప, తల కిందికి, సి, ఎ, 8. రెండో గడిలో లెక్క: ఎన్నో చాటింపు, తర్వాత ఎన్ని నెలవంకలు, తోడు గుర్తు ఉందా లేదా. మూడో గడిలో మీ ఊహ. మూడో గడి చాలాకాలం ఖాళీగా ఉన్నా టెన్షన్ పడొద్దు. మొదటి రెండు గళ్లు నిజాయితీగా నింపినవాళ్ల పని తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తుంది.

మామరి అయ్యాక ఎటు వెళ్లాలంటే, హెచ్, పి, క్యూ అనే మూడు పలకల దగ్గరికి వెళ్లండి. హెచ్ చిలీలో, మిగతా రెండూ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్నాయి. మూడింటి మీదా దాదాపు ఒకే పాఠం ఉందని లెనిన్‌గ్రాడ్‌లోని ఒక స్కూలు విద్యార్థి, బోరిస్ కుద్ర్యావ్త్సెవ్, కనిపెట్టాడు. తర్వాత ఆ అబ్బాయి రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయాడు. మూడు నకళ్లూ ఒకదాని కింద ఒకటి పెట్టి చూస్తే, ఒకే గుర్తును మూడు చేతులు మూడు రకాలుగా ఎలా చెక్కాయో తెలుస్తుంది. ఏ తేడా చేతివాటం వల్ల వచ్చిందో, ఏ తేడా నిజంగా వేరే గుర్తో అప్పుడు కంటికి అలవాటవుతుంది. ఆ అలవాటుతో మళ్లీ మామరికి తిరిగి రండి.

ఈలోగా, వచ్చే అమావాస్య మర్నాటి నుంచి ఒక నెలపాటు ప్రతి రాత్రీ మేడ మీదికెళ్లి చంద్రుణ్ణి చూసి, ఆకారాన్ని చేత్తో గీయండి. మబ్బు పట్టిన రాత్రి ఖాళీ గడి వదిలేయండి. నెలాఖరుకి మీ కాగితం మీద 29 గళ్లు వచ్చాయో 30 వచ్చాయో లెక్కపెట్టండి.